ఇరవైనాలుగు ఇళ్ళ తోట

తాళంలో రెండు చుక్కల నూనె వేసి, చెవి పెట్టి అటూ ఇటూ తిప్పి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాక గాని తాళాలయ్యకు గుర్తు రాలేదు, ఈ తాళంతో ఇక పని లేదని. పది గంటలకు పురపాలకం మనుషులు వచ్చి గేటు రెక్కలు ఊడదీసి పట్టుకుపోతారు. పడమటి గేటు ముందు, తూర్పు గేటు తర్వాత. అయినా ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున్నే తాళాలకు నూనె వేస్తున్నాడు. ఈవేళ సోమవారం. చెయ్యి దాని దారిన అది పని చేసుకుపోయింది.

నూనె సీసా పట్టుకుని తూర్పు గేటు దాకా నడిచి దానికీ వేశాడు. ఒకదానికి వేసి ఇంకోదానికి మానెయ్యడం ఏం బాగుంటుంది?

అతను పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి నడుముకు కుడిపక్క తాళాల గుత్తి వేలాడేసుకుని తిరగడం వల్ల కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి దిగింది. గుత్తి తీసి మేకుకు తగిలించినా భుజం మాత్రం దాన్ని మోస్తున్నట్టే ఉంటుంది. గోళ్ళ కింది మట్టి ఎంత కడిగినా పోదు. మోకాళ్ళ దగ్గర పంట్లాం రంగు వేరు. అసలు పేరు ఇళ్ళ యజమానుల సంఘం కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఊచల అవతల వీధిలో తిరిగేవాళ్ళు ఎప్పుడో ఎకసెక్కానికి పెట్టిన పేరే నిలిచిపోయింది. "తాళాలయ్యా, ఒక్కసారి తలుపు తియ్యవయ్యా" అని అడిగేవాళ్ళు. అతను తియ్యలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో బయటివాళ్ళకు ఒక్కసారి కూడా తియ్యలేదు. అది అతను చెప్పుకునే గొప్ప. చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ లేకపోయినా.

నాలుగు వీధుల నడుమ చదరంగా పరుచుకున్న తోట అది. నాలుగువైపులా ఇరవైనాలుగు ఇళ్ళు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే రకం మెట్లు, ఒకే రకం కిటికీలు. తోట నడుమ గుండ్రటి నీళ్ళ తొట్టి, తొట్టి చుట్టూ నాలుగు బెంచీలు, ఒక గేటు నుంచి ఇంకో గేటు దాకా ఎర్ర కంకర పరిచిన బాట. చుట్టూ ఛాతీ ఎత్తు పొద. పొద బయట మనిషిన్నర ఎత్తు ఇనప ఊచలు, వాటి చివర బల్లెం మొనలు.

దీని పుట్టుక గురించి మామగారు చెబుతుండేవాడు. ఆయనా ఇక్కడ మాలీయే. మొదట ఇక్కడ ఉన్నది ఉత్త నేల. ఇరవైనాలుగు ఇళ్ళకు ఇటుకలు కావలసి మట్టి ఇక్కడే తవ్వారు. ఇళ్ళు పైకి లేచేకొద్దీ నేల కిందికి దిగింది. అందరి ఇళ్ళూ పూర్తయ్యాక చూస్తే నడుమ పెద్ద గుంట, కుళ్ళునీళ్ళు, దోమలు. ఏం చెయ్యాలో తోచక బండ్లకొద్దీ మట్టి తెచ్చి పూడ్చి మొక్కలు పెట్టారు. మొక్కలు ఎదిగాక అందంగా కనిపించింది. అందంగా కనిపించగానే దానికి తాళం వేశారు.

ఇంటికో చెవి చొప్పున ఇరవైనాలుగు. ఇరవై అయిదోది మాలీది. మామగారి తండ్రి హయాంలో ఒకసారి మాత్రం తలుపులు తెరుచుకున్నాయట. అవి కరువు రోజులు. పచ్చిక తవ్వి దుంపలు వేశారు. రెండేళ్ళపాటు వీధుల్లోని జనం పారలు భుజాన వేసుకుని లోపలికి వచ్చారు. కరువు తీరింది, పచ్చిక మళ్ళీ పరిచారు, తాళం మళ్ళీ పడింది. అప్పుడు తవ్వినవాళ్ళు కొందరు చాలాకాలం తర్వాత కూడా ఊచలు పట్టుకుని నిలబడి, తమ వరస ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపించుకునేవాళ్ళట.

తాళాలయ్య వచ్చేనాటికి ఇళ్ళల్లో కాపురాలు తగ్గిపోతున్నాయి. ఒకదాంట్లో పళ్ళ డాక్టరు, ఒకదాంట్లో వకీలు, ఒకదాంట్లో బీమా ఆఫీసు. చివరికి మూడిళ్ళల్లోనే కాపురాలు మిగిలాయి. చెవులు సొరుగుల అడుగున పడిపోయాయి. ఎవరూ రాని తోటకు అతను రోజూ కత్తెర వేశాడు, ఎవరూ కూచోని బెంచీలు రోజూ తుడిచాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఇంత జనం ఉన్న చోట ఇంత తోటకు తాళమేమిటని ఎవరో కోర్టుకెక్కారు. ఎనిమిదేళ్ళు నలిగి నలిగి, పోయిన చలికాలంలో సంఘంవాళ్ళే విసిగిపోయి తోటను పురపాలకానికి రాసి ఇచ్చేశారు.

బెంచీలు తుడవడం ముగించి అతను గదికి వెళ్ళాడు.

గది పడమటి గేటును ఆనుకుని ఉంది, పొదకూ ఊచలకూ మధ్య ఇరుక్కుని. ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, రెంటికీ నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా. కిటికీలు రెండు. వీధివైపుది ఊచలది. తోటవైపు దానికి ఉన్నది అద్దమే గాని, దాని మీద బూడిదరంగు పూత పూసి ఉంటుంది. అది అతను రాకముందు సంగతి. బెంచీ మీద కూచుంటే మాలీవాళ్ళ పొయ్యీ గిన్నెలూ కనిపిస్తున్నాయని ఒకావిడ సంఘానికి రాసింది. వారం తిరక్కుండా రంగు పడింది. గేటు దగ్గర తగిలించిన నియమాల పలకలో ఏడోది కూడా అప్పుడే చేర్చారు: పనివారి కుటుంబాలు తోటలో తిరగరాదు, కూర్చోరాదు.

"టీ చల్లారిపోతోంది," అంది భార్య వీధి కిటికీ దగ్గర నిలబడి.

"తూర్పు గేటుకు కూడా నూనె వేసొచ్చాను."

"ఊడదీసే గేటుకా?"

అతనే నవ్వాడు. ఆమె నవ్వలేదు. సన్నటి మనిషి, జుట్టు సగం నెరిసింది, ఎప్పుడూ ఒక కాలి మీదే బరువు వేసి నిలబడుతుంది. ఈ గదిలోనే పుట్టింది, ఈ మూలనే వంట నేర్చుకుంది, ఈ గదిలోనే పెళ్ళాడింది, ఈ మంచం మీదే కూతుర్ని కన్నది.

"బండివాడు ఎల్లుండి పొద్దున్నే వస్తాడట. అమ్మాయి కబురు పెట్టింది," అంది. "మంచం వద్దంటోంది. మేడ మెట్లు ఇరుకట. ఇస్త్రీ బండి ఆవిడకు ఇచ్చేద్దామా?"

"చూద్దాంలే, తొందరేముంది?"

"ఎల్లుండే కదండీ."

టీ గుటక వేస్తూ అతను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల మడత కాగితం ఉంది. తొమ్మిది రోజులుగా అక్కడే ఉంది. మూడు నెలల కిందట నోటీసు వచ్చింది, తోట చేతులు మారుతోంది, గది ఖాళీ చెయ్యాలని. ఆ రోజు నుంచి భార్య సామాన్లు ఒక్కొక్కటే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తోంది. పెద్ద గిన్నె పోయింది, పీట పోయింది, గోడ గడియారం పోయింది. ఇచ్చేటప్పుడు ఒక్క మాటా మాట్లాడేది కాదు. పుట్టిన గది వదలాల్సి వచ్చిందని లోపల్లోపల కుమిలిపోతోందని అతను అనుకున్నాడు. అనుకుని, ఆమెకు చెప్పకుండా పురపాలక ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళాడు. ఒకసారి వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడు. చివరికి ఈ కాగితం వచ్చింది. ఈవేళ తోట తెరిచాక, జనం అంతా లోపలికి వచ్చాక, ఆమెకు చదివి వినిపించాలని దాచాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో భార్యకు అతను ఆశ్చర్యం కలిగించే పని చెయ్యడం ఇదే మొదటిసారి.

"తెరిచేటప్పుడు నువ్వూ రా," అన్నాడు లేస్తూ. "ఇప్పుడు ఎవరూ వద్దనరు."

"మీరు వెళ్ళండి. నాకు పనుంది."

పదింటికి లారీ వచ్చింది. నలుగురు మనుషులు పడమటి గేటు కీళ్ళలోంచి రెక్కలు పైకెత్తడానికి నానా తంటాలు పడ్డారు. అవి రాలేదు. పైనుంచి కింది దాకా పట్టిన తుప్పు. తాళానికి నూనె వేశాడు గాని కీళ్ళకు వెయ్యాలని అతనికి ఎన్నడూ తోచలేదు. గడ్డపారతో పెకిలిస్తే, రెక్క లేచి పెద్ద చప్పుడుతో లారీలో పడింది. తూర్పు గేటు రెక్కలూ అలాగే లారీకెక్కాయి. ఒక పెద్దమనిషి వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి కారెక్కి వెళ్ళిపోయాడు.

వీధిలో యాభై అరవైమంది ఉన్నారు. అయినా ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. గేటు ఉన్న చోట నేలమీద ఒక ఇనప పట్టీ మిగిలింది. జనం ఆ పట్టీ దాకా వచ్చి ఆగారు. ముందున్న నడివయసు మనిషి ఒకడు, చేతిలో కూరల సంచీ ఉన్నవాడు, తాళాలయ్య వంక చూసి "రావచ్చా?" అన్నాడు.

తాళాలయ్య కుడిచెయ్యి లేచింది, అరచెయ్యి అడ్డంగా. ఎప్పుడూ లేచినట్టే. నోట్లోంచి మాట కూడా వచ్చేసింది: "చెవి ఉందా?"

జనం గొల్లుమన్నారు. పక్కనే ఉన్న పురపాలక గుమాస్తా, కుర్రతనం ఇంకా పోని మనిషి, అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. "పెద్దాయనా, ఇంక చెవులూ లేవు, ముక్కులూ లేవు. రానివ్వండి."

అందరికన్నా ముందు వచ్చింది ఇస్త్రీ బండి ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా ఊచల బయట బండి పెట్టుకున్న మనిషి. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని గబగబా లోపలికి వచ్చి, తొట్టి వంక చూడలేదు, పూల వంక చూడలేదు, బాట పట్టుకుని తిన్నగా తూర్పు గేటు గుండా బయటపడింది. అయిదు నిమిషాల్లో ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

"ఏం, తోట చూడవా?" అన్నాడు తాళాలయ్య.

"తోట ఎక్కడికి పోతుందిలే! అవతలి వీధి డాక్టరుగారింటికి బట్టలు ఇవ్వడానికి దీని చుట్టూ తిరిగీ తిరిగీ నా అరికాళ్ళు అరిగిపోయాయి తాళాలయ్యా. పద్దెనిమిదేళ్ళు! దారి ఇంత దగ్గరని నాకేం తెలుసు?"

మధ్యాహ్నానికి అతనికి అర్థమయింది. వచ్చినవాళ్ళలో సగానికి సగం తోట కోసం రాలేదు. తూర్పు గేటు బయట బస్సు ఆగే చోటుంది. పడమటి వీధుల జనం ఇన్నేళ్ళూ చదరం చుట్టూ తిరిగి దాన్ని అందుకునేవాళ్ళు. ఇప్పుడు బాట మీదుగా అడ్డంగా పోతున్నారు. ఎనిమిదేళ్ళ కోర్టు పోరాటం అంతా కలిపి చూస్తే పది నిమిషాల నడక తగ్గించడానికే అన్నట్టుంది. మిగతా సగం మంది మొదట పొద పక్కన నక్కినట్టు నడిచారు, తర్వాత బెంచీల మీద కూచున్నారు, ఆ తర్వాత పచ్చిక మీదకు దిగారు. ఒక టాక్సీ డ్రైవరు చెప్పులు తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకుని గుర్రు పెట్టాడు. తాళాలయ్య అతని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. లేపడానికి వంగాడు. గుమాస్తా దూరం నుంచే కేకేశాడు.

"పడుకోవచ్చు పెద్దాయనా! ఇప్పుడు రూలు అదే!"

అతను నడుము పట్టుకుని నిటారుగా లేచాడు. ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యకూడనివి లేని చోట కాపలా ఎలా కాస్తారు?

రెండు గంటలప్పుడు పదకొండో నంబరు ముసలావిడ వచ్చింది. మిగిలిన మూడు కాపురాల్లో ఒకటి ఆవిడది. చేతిలో కర్ర, మెడలో నల్లదారానికి కట్టిన తాళంచెవి. గేటు లేని గేటు దగ్గర నిలబడి చెవి పైకెత్తి గాలిలో ఒకసారి తిప్పింది.

"వచ్చిందయ్యా, తెరుచుకుంది," అంది. తన హాస్యానికి తనే నవ్వుకుని, తొట్టి పక్క బెంచీ మీద, ఎవరో జంట జరిగి ఇచ్చిన చోట కూచుంది. "నేను కూడా సంతకం పెట్టాను తెలుసా, తెరవమని? మావాళ్ళు నామీద కారాలూ మిరియాలూ నూరారు. నలభై ఏళ్ళు ఒక్కదాన్నే వచ్చి కూచున్నాను ఇక్కడ. ఎదురుగా ఖాళీ బెంచీ. ఎన్నాళ్ళని చూస్తాం?"

"మీకేం అమ్మగారూ, ఎప్పుడైనా వచ్చి కూచోగలిగారు."

"నీ పెళ్ళాం ఏది? రాలేదేం?"

"పనుందట."

ముసలావిడ కాసేపు కర్ర కొనతో కంకరలో గీతలు గీసింది. "మా మేడ మీంచి మీ గది వెనకభాగం, వీధి కిటికీ రెండూ కనిపిస్తాయి. నీ పెళ్ళాన్ని ఇంతప్పటి నుంచి చూస్తున్నాను." అని చెయ్యి బెంచీ ఎత్తున పెట్టి చూపించింది. "ఎప్పుడు చూసినా వీధివైపే నిలబడి ఉంటుంది. చిన్నప్పుడు ఊచల్లోంచి మొహం బయటికి పెట్టేది. ఒకసారి తల ఇరుక్కుంటే మీ మామ సబ్బునీళ్ళు పోసి లాగాడు."

అతను నవ్వాడు. ఆ కథ అతనికి తెలియదు. భార్య ఎప్పుడూ చెప్పలేదు. ఆ కిటికీ దగ్గర గాలి బాగా వస్తుంది, అందుకే నిలబడుతుంది కాబోలు అనుకున్నాడు.

నాలుగు గంటలకు గుమాస్తా ఒక కాగితపు పొట్లం తెచ్చి ఇచ్చాడు. పురపాలకం తరఫున కొత్త కోటు. ముదురాకుపచ్చ రంగు, ఇత్తడి గుండీలు, జేబు మీద ఊరి ముద్ర. "రేపటి నుంచి ఇది వేసుకోవాలి. కొలతలు సరిగ్గా లేకపోతే మీరే సరిచేయించుకోండి."

అతను అక్కడే తొడుక్కుని చూశాడు. భుజాలు సరిపోయాయి. చేతులు మాత్రం వేళ్ళ కొసల దాకా వచ్చాయి. ఆ అవతారంతోనే గదికి నడిచాడు.

భార్య నేలమీద కూచుని దుప్పట్లు మడతపెడుతోంది. తలెత్తి చూసి, పొడుగుచేతుల కోటులో అతన్ని చూడగానే నవ్వింది. పొద్దుటి నుంచి అతను ఆ నవ్వు కోసమే ఎదురుచూస్తున్నాడు.

"ఇంక మూటలు విప్పెయ్యి," అన్నాడు.

"అంటే?"

జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చెమటకు మెత్తబడింది. అరచేతి మీద పరిచి చదివాడు: తోట కావలి పనిలో అతన్ని కొనసాగిస్తున్నారు, ప్రస్తుతం ఉంటున్న గదిలోనే అతనూ భార్యా జీవితాంతం ఉండవచ్చు. "జీవితాంతం" అన్న మాట రెండుసార్లు చదివాడు.

ఆమె నవ్వు అలాగే ఉంది, లోపలి నుంచి మాత్రం ఎవరో దీపం తీసేసినట్టు. చెయ్యి చాచి కాగితం తీసుకుంది. పైన ఉన్న తారీఖు చూసింది.

"తొమ్మిది రోజులైంది," అంది.

"ఈవేళ చెబుదామని ఆగాను."

"ఎవరడిగారు వాళ్ళని?"

"నేనే. మూడుసార్లు తిరిగాను. ఒకరోజు నీళ్ళు కూడా తాగకుండా వరండాలో..."

"నన్నడిగారా?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "నిన్నడిగేదేముంది? నువ్వు పుట్టిన గది ఇది."

"అందుకే అడగాలి."

బయట ఎవరో బాట మీద పరిగెత్తుకుంటూ పోయారు, బస్సు అందుకోవడానికి కాబోలు. కంకర చప్పుడు గోడ పక్క నుంచే పోయింది. అతను బూడిదరంగు అద్దం వైపు చెయ్యి చూపించాడు. "ఆ కిటికీ రంగు రేపే గీకేస్తాను. గుమాస్తాని అడిగాను, సరే అన్నాడు. పొయ్యి దగ్గర కూచునే తోటంతా చూడొచ్చు నువ్వు."

"నాకు తోట చూడాలని ఎప్పుడూ లేదండీ." ఆమె గొంతులో కోపం లేదు. లెక్కగా, నిదానంగా చెప్పింది, బజారుకు వెళ్ళేటప్పుడు ఏం తేవాలో చెప్పినట్టు. "ఆ అద్దానికి రంగు వేసిన రోజు నాన్న ఏడ్చాడు. నేను ఏడవలేదు. వీధి కిటికీకి వెయ్యలేదు కదా అనుకున్నాను. అందరాడపిల్లలూ పెళ్ళయ్యాక ఇల్లు దాటుతారు. నాకు పెళ్ళే ఇంట్లోకొచ్చింది. మీరు పెట్టె పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడి, ఇదేనా గది, బాగుంది అన్నారు. గుర్తుందా?"

అతనికి గుర్తుంది. నిజంగానే బాగుందనుకున్నాడు. అంతకుముందు అతను పడుకున్న చోట కప్పు కూడా సరిగ్గా లేదు.

"మరి ఇన్నాళ్ళూ ఒక్కమాటైనా అనలేదేం?"

"అంటే ఏం చేసేవారు? తాళం మీది కాదుగా." దుప్పటి మడత మీద చేత్తో రాసింది. "నోటీసు వచ్చిన రోజు నుంచి నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు, తెలుసా? సంతోషంతో. అమ్మాయి వాళ్ళది మూడో అంతస్తు. వరండాలో నిలబడితే వంతెన కనిపిస్తుందట, బస్సులు కనిపిస్తాయట. మీరు ఉండండి. మీకిక్కడ బాగుంటుంది. నేను వెళ్తాను."

"వెళ్దువుగానిలే," అన్నాడు అతను, గాలి పీల్చుకుని. "నేను కాదన్నానా? ఆదివారం ఇద్దరం పోదాం. పొద్దున్నే వెళ్ళి అమ్మాయిని చూసుకుని, చీకటిపడకుండా వచ్చేద్దాం. మళ్ళీ ఇక్కడ సాయంత్రం..."

సాయంత్రం తాళం వెయ్యాలి అనబోయి ఆగిపోయాడు.

ఆమె దుప్పటి పక్కన పెట్టింది. తర్వాత లేచి దగ్గరికి వచ్చింది. "ఆ కోటు ఇటివ్వండి. నవ్వుతారు జనం." చేతి అంచును మణికట్టు దగ్గరికి మడిచి, బొటనవేలితో గుర్తు పెట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. అతను కోటు విప్పి ఇచ్చాడు. కోటు కొలత తీసుకుందంటే కోపం తగ్గినట్టే అనుకుని, తేలికపడ్డ మనసుతో పనిలోకి వెళ్ళాడు.

అయిదు దాటాక జనం ఇంకా పెరిగారు. ఆఫీసులు వదిలారు. బాట నిండా అటు పోయేవాళ్ళూ ఇటు వచ్చేవాళ్ళూ. తాళాలయ్య తొట్టి దగ్గర వంగి, నీళ్ళలో ఎవరో వేసిన కాగితాలు ఏరుతున్నాడు. ఒక ఆడమనిషి అతనికి పదిగజాల దూరంలోంచి తూర్పువైపు నడిచిపోయింది. భుజాన గుడ్డసంచీ, చంకలో దుప్పటి చుట్ట. ముందు నెమ్మదిగానే నడిచింది. మధ్యకు వచ్చాక వేగం పెంచింది. అటూ ఇటూ చూడలేదు. మలుపు దగ్గర ఎదురొచ్చేవాళ్ళను తప్పించుకోబోయి పచ్చిక మూల తొక్కింది. అయ్యో, అక్కడ నిన్ననే విత్తనాలు చల్లానే అని అతని ప్రాణం ఉసూరుమంది. కేకెయ్యబోయి, ఇప్పుడు రూలు లేదుగా అని నోరు మూసుకున్నాడు. ఒక కాలి మీద బరువు వేసి నడిచే ఆ నడక ఎక్కడో చూసినట్టే అనిపించింది. వీధిలో రోజూ పోయే మనిషి ఎవరో అయుంటుందనుకుని మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

పొద్దు వాలుతుండగా అలవాటు ప్రకారం పడమటి గేటుకు వెళ్ళాడు. చెయ్యి నడుముకు పోయింది. మూయడానికి ఏమీ లేదు. కాసేపు అక్కడే నిలబడి గదివైపు తిరిగాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మసకలో మంచం ఉంది, పొయ్యి ఉంది. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. పక్కన ఒక్క కంచమే బోర్లించి ఉంది. మూటల్లో ఒకటి లేదు. అతను పిలిచాడు. ఆ గదిలో ఎవరినైనా పిలవాలంటే గొంతు పెంచాల్సిన అవసరమే ఉండదు, అయినా పెంచాడు. వీధిలోకి వెళ్ళి చూశాడు. ఇస్త్రీ బండి ఆవిడ బొగ్గులు ఆర్పుతోంది.

"మా ఆవిడ ఏమైనా చెప్పిందా?"

"అక్కా? బస్సెక్కిందిగా!" ఆమె తల కూడా ఎత్తలేదు. "అమ్మాయి దగ్గరికట. చుట్టూ తిరగాలా అంటే, అక్కర్లేదక్కా తోటలోంచి పో, అదిగో దారి అన్నాను. నీ పక్కనుంచే పోయిందే. చూళ్ళేదా?"

తాళాలయ్య వెనక్కి తిరిగాడు. బాట పట్టుకుని తూర్పువైపు నడిచాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆమెను గుమ్మంలో చూశాడు, పొయ్యి దగ్గర చూశాడు, కిటికీ దగ్గర చూశాడు. వెనక నుంచి, ఆరుబయట, దూరం పోతున్న మనిషిగా ఒక్కసారీ చూడలేదు. అందుకే పోల్చుకోలేకపోయాడు. మలుపు దగ్గర పచ్చిక మూల, తడిమట్టిలో చెప్పు గుర్తు ఒకటి ఉంది. దాన్ని దాటుకుని పోయాడు.

తూర్పు గేటు దగ్గర నేలమీద ఇనప పట్టీ. దాని అవతల రోడ్డు, రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డ జనం. ఒక బస్సు వచ్చి ఆగింది. నాలుగడుగులు వేస్తే ఎక్కొచ్చు. నది దాటి, వంతెన దగ్గర దిగి, మూడంతస్తులు ఎక్కితే చాలు. అతను పట్టీకి ఇవతల రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. వెనక తోట మూయకుండా ఉంది. లోపల మనుషులున్నారు. మూయకుండా అతను ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. మూయడానికి గేటు లేదు. మరి ఎలా వెళ్ళడం? ఈ ఆలోచన చుట్టూ అతను చాలాసార్లు తిరిగాడు, మొదలూ చివరా దొరకలేదు. బస్సు కదిలిపోయింది.

"కాస్త దారివ్వండి," అన్నారు ఎవరో వెనకనుంచి. అతను పక్కకు జరిగాడు. వాళ్ళు దాటిపోయారు. ఇంకెవరో వచ్చారు. మళ్ళీ జరిగాడు. వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ అలా జరుగుతూ, చీకటి పడబోయే దాకా ఆ పట్టీ పక్కనే ఉన్నాడు.

గదిలోకి వచ్చి దీపం వేశాడు. మంచం మీద ఆకుపచ్చ కోటు తిన్నగా పరిచి ఉంది. కుడిచెయ్యి మణికట్టు కొలతకు చక్కగా మడిచి, కంటికి కనపడనంత సన్నటి కుట్టుతో కుట్టి ఉంది. ఎడమచెయ్యి వేళ్ళు మూసేంత పొడుగ్గా అలాగే వేలాడుతోంది. దాని అంచున సూది గుచ్చి ఉంది, బెజ్జంలోంచి మూరెడు ఆకుపచ్చ దారంతో.